అడుగు కనబడని జాడీ

పొద్దున ఆరు కొట్టేసరికి జాడీ నిండి ఉండాలి. ఈ నియమం బాలమ్మకు ఆసుపత్రిలో ఎవరూ నేర్పలేదు, అత్తగారింటి నుంచి తెచ్చుకుంది. రాజురా అవతలి ఆ ఊళ్లో ఉప్పు జాడీ అడుగు కనబడితే ఇంటికి అరిష్టమనేవాళ్లు. సగానికి వచ్చిందంటే పైన ఇంత పోసి నింపాల్సిందే. చంద్రపూర్ వచ్చి ఆయాగా చేరి పద్నాలుగేళ్లయినా బాలమ్మ ఆ పద్ధతి తప్పలేదు. ఇక్కడ ఉప్పు జాడీ లేదు గాని, డ్రెస్సింగ్ బండి మీద దూది ఉండలు నానేసే గాజు జాడీ ఉంది. సూది గుచ్చే ముందు చర్మం తుడవాలన్నా, సెలైన్ గొట్టం మూతి తుడవాలన్నా అందులోంచే ఒక ఉండ తీయాలి.

ఇదివరకు అందులో స్పిరిట్ పోసేవాళ్లు. కిందటేడు ఆపరేషన్ల విభాగం కొత్తగా కట్టి, క్యాన్సర్ కోతలకు నాగపూర్ నుంచి శనివారం శనివారం సర్జన్‌ను రప్పించడం మొదలయ్యాక, స్పిరిట్ పోయి పసుపుపచ్చని మందు డబ్బాలు వచ్చాయి. మూతెడు మందుకు లోటాడు నీళ్లు. బాలమ్మ చేతిలో కొలత ఏనాడూ తప్పలేదు. నీళ్లు కూడా ఎక్కడివి పడితే అక్కడివి పోసే మనిషి కాదు. వరండాలో రంజన్ అని పిలిచే పెద్ద మట్టికుండ ఉంది. దాని మూతికి తెల్లగుడ్డ కట్టి, వడగట్టి తానే నింపుకున్న చల్లటి నీళ్లే పోసేది. అది తొంభై ఏడు మే నెల. చంద్రపూర్ ఎండకు పదింటికే గోడలు కాలేవి, మధ్యాహ్నానికి జాడీలో పై దూది ఎండిపోయేది. అప్పుడు ఇంత, పొద్దుగూకే ముందు ఇంత పోసేది.

"ఈ వార్డులో కరెంటు పోతుంది, నీళ్లు పోతాయి. మావశీ జాడీ మాత్రం ఎండదు," అని ప్రతిభ సిస్టర్ మరాఠీలో నవ్వేది. అక్కడ ఆయాలందరినీ మావశీ అనే పిలుస్తారు. ఆ మాట విన్న పూట బాలమ్మకు అన్నం తినకపోయినా కడుపు నిండేది.

ఆ మంగళవారం పొద్దున నాలుగో నంబరు మంచం దగ్గర ఆగమ్మ తన పెనిమిటికి జావ పోస్తోంది. పోశన్న జివతి గుట్టల మీది రైతు. ఇరవై ఏళ్లు ఖర్రా పొగాకు నమిలిన దవడను, దాంతోపాటు సగం చెంపను శనివారం నాడు సర్జన్ తీసేశాడు. నోరు పనికిరాదు కాబట్టి ముక్కులోంచి కడుపులోకి ఒక గొట్టం పెట్టారు. మందులు ఎక్కించడానికి మెడ నరంలో ఇంకొకటి. ఆగమ్మ జొన్నజావను గుడ్డలో వడగట్టి, ఎడమ చేత్తో గరాటు పైకెత్తి పట్టి, గరిటె గరిటె పోసేది. ఎత్తు తగ్గితే జావ దిగదు, పెరిగితే దగ్గొస్తుంది. రెండు రోజుల్లోనే ఆ ఎత్తు ఆమె చేతికి తెలిసిపోయింది.

"ఇగో, ఇంక రెండు గరిటెలే. తాగినంక జరంత నడువాలె. దినమంతా నాగలెంబడి నడిసేటోనికి ఈ వరండా ఒక లెక్కనా?"

పోశన్న కళ్లతో నవ్వాడు. నోటితో నవ్వే రోజులు అయిపోయాయి.

ఏడున్నరకు ప్రతిభ వచ్చింది. బాలమ్మ పట్టకారు లాంటి చిమటాతో జాడీలోంచి దూది తీసి అందించింది. సిస్టర్ మెడ గొట్టం మూతి తుడిచి, మందు ఎక్కించి పోయింది. గంట తిరక్కుండా పోశన్నకు వణుకు పుట్టింది. కూలర్ ఆపి, మూడు దుప్పట్లు కప్పి, ఆగమ్మ మీద పడి పట్టుకున్నా ఇనుప మంచం గోడకు టకటకా కొట్టుకుంటూనే ఉంది. ఒళ్లు పొయ్యిలా కాలిపోతోంది.

ఇదే వణుకును బాలమ్మ పన్నెండు రోజుల కింద చూసింది. బల్లార్‌పూర్ కాగితం మిల్లులో పనిచేసే మురళీధర్ భార్య సుధ. రొమ్ము తీసేశారు, కోత చక్కగా మానుతోంది, రేపు ఇంటికి పోతానని చీరె మడతపెట్టి తలకింద పెట్టుకుంది. అప్పుడొచ్చింది వణుకు. నాలుగో రోజుకు మనిషి లేదు. 'ఏం తినిపించావు?' అని పెద్ద డాక్టర్ అందరి ముందు మురళీధర్‌ను అడిగాడు. 'ఇంటి నుంచి పెరుగన్నం తెచ్చాను సార్,' అన్నాడాయన. డాక్టర్ అదే అన్నట్టు తల ఊపాడు. ఆ ఊపు చాలు. శవం బండి ఎక్కేదాకా ఆ మనిషి ఖాళీ టిఫిన్ డబ్బా వొళ్లో పెట్టుకుని, నేనే చంపుకున్నా, నేనే చంపుకున్నా అంటూ కూర్చున్నాడు.

పెద్ద డాక్టర్ వచ్చి పోశన్నను చూశాడు, రక్తం తీయమన్నాడు. తర్వాత ఆగమ్మ చేతుల వైపు చూశాడు. ఆయనకు మరాఠీ, హిందీ, ఇంగ్లీషు వచ్చు, తెలుగు రాదు. తెలుగు రోగులకు ఆయన మాట చేరవేయడం బాలమ్మ పని. ఆయన ఒక్క వాక్యం అని ఆగితే, బాలమ్మ దాన్ని తెలుగులో చెప్పేది.

"నీ చేతుల గలీజుతోనే రక్తంల విషం సొచ్చిందంటుండు సారు."

ఆగమ్మ చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. గోళ్ల అంచుల్లో నల్లరేగడి ఇంకిపోయి ఉంది.

"సబ్బు పెట్టే కడుగుతున్న గదక్కా. ఇది మట్టి రంగు, పోదు. పుట్టినకాన్నుంచి పత్తిచేన్లల్ల చేసిన చేతులాయె."

"సారన్నది నేను చెప్పిన."

చెప్పడమే కాదు, నమ్మింది కూడా. నమ్మడం సులువు. బాలమ్మ తన చేతులు ఏనాడూ అట్లా ఉంచుకోలేదు.

*

మధ్యాహ్నం ఆగమ్మ కుళాయి దగ్గర కూర్చుని ఇటుక పెళ్లతో చేతులు రుద్దుకుంటూ కనబడింది. వేళ్ల కణుపుల దగ్గర తోలు లేచిపోయి ఎర్రగా చెమరుస్తోంది. బాలమ్మ మనసు కరిగింది. ఎంత లేదన్నా తమ వైపు మనిషి, తమ భాష మనిషి.

"ఏందిది ఆగమ్మా, తోలు ఒలుసుకుంటవా ఏంది?"

"ఏం జెయ్యాలె మరి! ఆయన నా చేతుల మీద పోతే నేను బతికేం లాభం?" ఆగమ్మ లేచి నిలబడింది. "అక్కా, నీ కాడ మందు దూది ఉంటది గద. గరాటు ముట్టేముందు జరంత ఇయ్యరాదూ, నీ కాళ్లు మొక్కుత."

బాలమ్మ జాడీ మూత తీసి రెండు ఉండలు తీసి ఇచ్చింది. "గరాటు తుడు, గొట్టం తుడు. మెడకాడ చెమట పడితే గూడ దీనితోనే తుడు. ఇగ ఏ పురుగూ దగ్గరికి రాదు, భయం లేదు పో."

ఆనాటి నుంచి పూటకు నాలుగు ఉండలు. ఆగమ్మ వాటిని ప్రసాదంలా రెండు చేతులతో అందుకునేది. జాడీ తొందరగా తగ్గేది, బాలమ్మ తొందరగా నింపేది. బుధవారం వణుకు రెండుసార్లు వచ్చింది. గురువారం మూడుసార్లు. ఎక్కించే మందు దేనికీ జ్వరం లొంగలేదు. పోశన్న కళ్లు తెరిచి కప్పు వైపు చూస్తున్నాడు గాని ఎవరినీ గుర్తుపట్టడం లేదు. వార్డులో పక్క మంచాల వాళ్లు తమ తమ మంచాలను కొంచెం కొంచెంగా అవతలికి జరుపుకున్నారు.

గురువారం సాయంత్రం లాబ్ తిరుపతి వార్డుకు వచ్చాడు. ఆసుపత్రి వెనక గదిలో లాబ్ నడిపే ఆసిఫాబాద్ అబ్బాయి. బాలమ్మను పెద్దమ్మా అని పిలుస్తాడు. ఆమె ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు గాని, ఎప్పటిలా చాయ్ అడగలేదు.

"పెద్దమ్మా, పోశన్న రక్తంల ఒక పురుగు మొలిచింది. గిదే పురుగు సుధమ్మ రక్తంల గూడ మొలిచిందే. అప్పుడు నేను పట్టించుకోలే. గిసుంటిది పదేండ్లల్ల ఎన్నడు చూడలే గద, నా చేతికెల్లే ఏదో చెత్త పడిందనుకొని ఆ పురుగు మొలిచిన ప్లేటు పారేసిన." అతను గొంతు సవరించుకున్నాడు. "నాగపూర్ మెడికల్ కాలేజికి ఫోన్ చేసి అడిగిన. అది నీళ్లల్ల, మట్టిల బతికేదట. నిన్నూ నన్నూ ఏం జెయ్యది. కోత పడి, బలం పోయి, గొట్టాలు పెట్టుకున్నోళ్లు దొరికితేనే రక్తంల సొరబడుతది."

"మెత్తనోణ్ణి జూస్తే మొత్తబుద్ది," అంది బాలమ్మ.

"గదే. ఇద్దరికీ ఒక్కటే పురుగంటే, ఇద్దరికీ ఒక్క కాణ్నుంచే వచ్చినట్టు. అదెక్కడిదో ఎతకాలె."

పుల్లకు చుట్టిన దూదితో కుళాయి మూతి రుద్దాడు, రంజన్ నీళ్లు తీసుకున్నాడు, సెలైన్ సీసా, ప్రతిభ వేళ్లు, గరాటు, చివరికి ఆగమ్మ చేతులు. ఆగమ్మ రెండు చేతులూ చాచి కళ్లు మూసుకుంది. డ్రెస్సింగ్ బండి దగ్గరికి వచ్చాక తిరుపతి జాడీ మూత మీద వేలితో తట్టాడు.

"ఇది వద్దులే. మందుల పురుగెట్ల బతుకుతది?" అని ముందుకు పోయాడు.

*

శనివారం పొద్దున ఫలితం వచ్చింది. కుళాయిలో లేదు. రంజన్‌లో లేదు. సెలైన్‌లో లేదు. సిస్టర్ వేళ్లకు లేదు. గరాటుకు ఉంది, ఆగమ్మ రెండు చేతులకూ ఉంది.

సరిగ్గా ఆ పొద్దునే పోశన్న అన్న బాపయ్య ఊరి నుంచి దిగాడు. తలపాగా తీయకుండా మంచం పక్కన నిలబడి, గుర్తుపట్టని తమ్ముణ్ణి చూస్తున్నాడు. పెద్ద డాక్టర్ చేతిలో కాగితం ఉంది. ఇప్పుడాయన కోపంగా కూడా లేడు, తన మాటే నిజమైందన్న నెమ్మది మొహం నిండా ఉంది. ఆయన చెప్పుకుంటూ పోయాడు, బాలమ్మ తెలుగు చేసుకుంటూ పోయింది. పురుగు ఈమె చేతుల మీదనే దొరికింది. ఈమెను లోపలికి రానియ్యొద్దు. రోగిని ముట్టుకోనియ్యొద్దు.

"విన్నవా బావా, నేను..." అని ఆగమ్మ నోరు తెరిచింది.

"నోర్ముయ్యి," అన్నాడు బాపయ్య. గట్టిగా కూడా అనలేదు. "బతికితే నా తమ్ముణ్ణి నా ఇంటికి తీస్కపోత. నువ్వు మీ అవ్వగారింటికి పో. మా గడపల అడుగు పెట్టకు."

వాచ్‌మన్ ఆగమ్మను గేటు దాకా తీసుకుపోయాడు. ఆమె చేతులు రెండూ ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని నడిచింది, వేరేవాళ్ల వస్తువేదో మోసుకుపోతున్నట్టు.

బాలమ్మ పనిలో పడింది. పక్కలు మార్చింది, బేసిన్లు కడిగింది. కాని ఒక ప్రశ్న ఆమె వెంట తిరుగుతూనే ఉంది. తోలు ఊడేలా రుద్దుకున్న చేతులు. ఆ పైన మందు దూదితో తుడుచుకున్న చేతులు. పూటకు నాలుగు ఉండలు. వార్డులో అంత కడిగిన చేతులు ఇంకెవరికీ లేవు. మరి పురుగు వాటికే ఎట్లా అంటింది?

డ్రెస్సింగ్ గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసింది. జాడీ ముందు నిలబడింది. చిమటాతో పై దూది తీసింది, నడిమి దూది తీసింది. అడుగున ఉండలు అంటుకుపోయి చిమటాకు రాలేదు. చీరె చెంగు నడుముకు దోపుకుని మోచేతి దాకా చేయి లోపలికి పెట్టింది. గాజు కిర్రుమనాల్సిన చోట వేళ్లు జారాయి. బావి మెట్ల నాచులాగా జిగట. చేయి బయటికి తీసి వాసన చూసింది. మందు వాసనే. దాని కింద మురిగిన నీటి వాసన సన్నగా ఉంది.

ఎన్నేళ్లుగా ఈ జాడీ మీద ఆమె పేరు నిలిచిందో! కడగాలంటే ఖాళీ చేయాలి, ఖాళీ చేస్తే అడుగు కనబడుతుంది. అందుకని బయట అద్దంలా తుడిచింది, మూత తోమింది, లోపల మాత్రం పైన పోసింది. స్పిరిట్ ఉన్నన్నాళ్లూ అది చెల్లింది.

చేతులు అలవాటుగా జాడీని తొట్టి మీదికి ఎత్తాయి. సోడాపొడి పక్కనే ఉంది. నాలుగు రుద్దులు రుద్దితే పోతుంది. ఎవరూ అడగరు. తిరుపతి ఇది వద్దన్నాడు, సిస్టర్ చూడలేదు, దొరకాల్సిన మనిషి ఎలాగూ దొరికింది. బాలమ్మ ఒక చేత్తో కుళాయి తిప్పింది కూడా. నీళ్ల చప్పుడు వింటూ ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. గోడ అవతల మంచం మళ్లీ టకటకమనడం మొదలైంది.

కుళాయి కట్టేసి, జాడీకి మూతపెట్టి, దాన్ని చంటిబిడ్డలా గుండెకు ఆనించుకుని వెనక గదికి పోయింది.

తిరుపతి జాడీని చూశాడు, ఆమె మొహం చూశాడు.

"ఎన్నడు ఖాళీ చేసి కడిగినవ్ పెద్దమ్మా?"

"ఎన్నడు ఖాళీ కానియ్యలే బిడ్డా," అంది బాలమ్మ. ఆ మాట అంటున్నప్పుడే ఆమెకు ఏడుపొచ్చింది.

*

సోమవారం తిరుపతి జాడీ మందు పోసి చూసిన ప్లేటు చూపించాడు. అన్నం మెతుకులు చల్లినట్టు తెల్లగా, అంచుల దాకా అదే పురుగు. మందు పలచనైతే ఈ పురుగు చావదట, దూది ఆ కాస్త బలాన్నీ పీల్చేస్తే మందులోనే పిల్లలు పెడుతుందట. పైన ఎంత కొత్త మందు పోసినా, అడుగున పాతది ఉన్నంతకాలం అది ఉంటుందట.

అయితే తిరుపతి ఊరికే కూర్చోలేదు. శనివారం సర్జన్ వచ్చినప్పుడే, ఆ పురుగు ఏ మందుకు లొంగుతుందో తన ప్లేట్ల మీద తేల్చి చూపించాడు. ఆ మధ్యాహ్నం నుంచే కొత్త సూదులు మొదలయ్యాయి. మెడ గొట్టం తీసి చేతికి కొత్తది పెట్టారు. జాడీ సంగతి మాత్రం సోమవారం పెద్ద డాక్టర్ గదిలో తలుపు వేసి మాట్లాడారు. బయటికి వచ్చిన తిరుపతి మొహం పాలిపోయి ఉంది.

"స్పిరిట్ మళ్ల తెప్పిస్తరట. డబ్బాలు పారేస్తరట. ఈ ముచ్చట గది దాటొద్దన్నడు. దాటితే నీ నౌకరీ, నా నౌకరీ రెండూ పోతయట."

"ఆగమ్మ?"

"ఆమె పేరే ఎత్తలే సారు," అన్నాడు తిరుపతి.

మంగళవారం వణుకు ఒక్కసారే వచ్చింది. బుధవారం రాలేదు. గురువారం పొద్దున పోశన్న కళ్లు తెరిచి వార్డంతా వెతికాడు. అన్నను చూశాడు, బాలమ్మను చూశాడు, ఇంకా వెతికాడు. బాపయ్యకు గరాటు పట్టడం రాలేదు. ఎత్తు తెలియక ఒకసారి జావ ఆగిపోయింది, ఇంకోసారి పోశన్నకు దగ్గొచ్చింది. అయినా బాపయ్యలో ధీమా ఉంది. అది వచ్చీ పోయే అందరికీ పంచాడు.

"చూసిన్రా? దాన్ని బయటికి తోలినం, జరం దిగింది. ఇంతకంటె సాక్షం ఏం గావాలె?"

అనేవాళ్లది తప్పని ఎట్లా అనడం? ఆగమ్మ గేటు దాటిన పూటే జాడీ కూడా బండి దిగింది. లోకానికి ఆగమ్మ పోవడం కనబడింది, జాడీ పోవడం కనబడలేదు. ఆరు రోజులుగా ఆగమ్మ గేటు అవతల సైకిల్ రిక్షాల నీడలో కూర్చుని ఉంది. లోపలికి పోయేవాళ్లను ఆయన ఎట్లున్నాడని అడుగుతుంది, ఎవరైనా రొట్టె ఇస్తే కొంగు పరిచి కొంగులోనే వేయమంటుంది, చేతికి తీసుకోదు. బాలమ్మ ఆ ఆరు రోజులూ వెనక గేటు నుంచి వచ్చి వెనక గేటు నుంచి పోయింది.

గురువారం పది గంటలకు పెద్ద డాక్టర్ రౌండ్‌కు వచ్చాడు. పోశన్న చార్టు చూసి సంతోషించాడు. బాపయ్య భుజం తట్టి, ఎప్పటిలాగే బాలమ్మ వైపు తిరిగి మరాఠీలో చెప్పాడు. ఆమెను దూరం పెట్టి మంచి పని చేశారు. ఇంటికి పోయాక కూడా ఆమె చేత వండించవద్దు, తినిపించవద్దు. చెప్పు మావశీ.

అని చేతులు కట్టుకుని ఆగాడు.

బాలమ్మ బాపయ్య వైపు తిరిగింది. గొంతు, ఆశ్చర్యం, రోజూ తెలుగు చేసే గొంతులాగే వచ్చింది.

"బాపయ్యా, సారన్నది నీకు నేను మళ్ల చెప్ప. ఇప్పుడు చెప్పేది నా మాట. నడుమ ఆపకు, సారు దిక్కు చూడకు. మీ మరదలి చేతులల్ల ఏం లేకుండె. పురుగు నా జాడీల ఉండె. ఆ దూదితోనే గొట్టం తుడిసినం. ఆమె చేతులు గలీజని నేనే అని, ఆ దూది నేనే ఇచ్చిన. నా దూదితోనే ఆమె చేతులకు అంటింది. జాడీ తీసేసిన్రు, మందు మార్చిన్రు, అందుకే జరం దిగింది. ఆమె పోయినందుకు గాదు. లాబ్ తిరుపతిని అడుగు, ప్లేటు చూపిస్తడు."

పెద్ద డాక్టర్ ఒక్కో మాటకు తల ఊపుతున్నాడు. తన మాటలే ఇంత వివరంగా చెబుతున్న ఆయా మీద ఆయనకు తృప్తిగా ఉంది. జాడీ అన్న మాట రెండుసార్లు వినబడ్డా ఆయనకు పట్టలేదు. పక్కన ప్రతిభకూ తెలుగు రాదు, కాని బాలమ్మ మొహం చూసి కాగితాల మీదికి కళ్లు దించుకుంది.

"సమజ్‌లా కా?" అన్నాడు డాక్టర్ బాపయ్యతో. అర్థమైందా అని.

బాపయ్య తమ్ముడి వైపు చూశాడు. పోశన్న కళ్ల కొసల నుంచి నీళ్లు కట్టు మీదికి కారుతున్నాయి. పోశన్న అంతా విన్నాడు.

"సమజ్‌లా," అన్నాడు బాపయ్య. తలపాగా విప్పి చేతిలోకి తీసుకుని గేటు వైపు నడిచాడు.

కాసేపటికి ఆగమ్మ వార్డులోకి వచ్చింది. బావ ఏం చెప్పాడో ఎంత చెప్పాడో, మంచం దగ్గరికి పోలేదు, సరాసరి బాలమ్మ ముందుకొచ్చి నిలబడింది. చేతులు ఇంకా ఒంటికి దూరంగానే పట్టుకుని ఉంది.

"అయితే అక్కా, నా చేతులు మంచియేనా?"

"మంచియే చెల్లె," అంది బాలమ్మ.

ఆగమ్మ గరాటు తీసుకుంది. బాలమ్మ చేయి ఊరుకోలేదు, అలవాటున కొత్త స్పిరిట్ సీసాలోంచి దూది ఉండ తీసి ముందుకు చాచింది.

"వద్దు," అంది ఆగమ్మ. "సబ్బియ్యి."

బాలమ్మ సబ్బు ఇచ్చింది. ఆగమ్మ కుళాయి దగ్గర మెల్లగా, తొందర లేకుండా కడుక్కుని వచ్చి, గరాటు ఎత్తి పట్టింది. జావ దగ్గు రాకుండా దిగింది.

ఈ సంగతి సాయంత్రానికల్లా డాక్టర్‌కు తెలుస్తుందని బాలమ్మకు తెలుసు. తెలిసేదాకా ఆగే ఓపిక లేకపోయింది. డ్యూటీ చీరె మడతపెట్టి బండి కింది అరలో పెట్టి, తన చీరె కట్టుకుని ముందు గేటు నుంచి బయటికి వచ్చింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. బస్టాండ్‌లో బల్లార్‌పూర్ బస్సు కదలబోతుంటే చెంగు తల మీద కప్పుకుని ఎక్కింది. ఎక్కడికని కండక్టర్ అడిగితే ఊరి పేరు చెప్పింది. ఇంటి నంబరు ఆమెకు తెలియదు. మిల్లులో పనిచేసే మురళీధర్, మొన్న భార్య పోయిన మనిషి అని అడిగితే ఎవరో ఒకరు చూపిస్తారు. ఆ ఇంట్లో ఇక బతికించుకోవడానికి ఎవరూ లేరు. పెరుగన్నంలో ఏ తప్పూ లేదని ఒక్క మాట చెప్పి రావాలి.